నిలబడి రైఫిల్ కొట్టేటప్పుడు పాప ఎడమ చెయ్యి వణుకుతోంది, తప్పు పట్టులోనా నా సలహాలోనా?

బెజవాడ_నాన్న:

అందరికీ నమస్తే అండి. ఇక్కడ షూటింగ్ ఆడినవాళ్లు ఒకరిద్దరు ఉన్నారని పాత పోస్టుల్లో చూసి అడుగుతున్నా. మాది విజయవాడ, ఉండేది హైదరాబాద్ కొండాపూర్‌లో. మా పాపకి 13 ఏళ్లు. ఏషియన్ గేమ్స్ అప్పుడు షూటర్ ఈషా సింగ్‌ని టీవీలో చూసి నేనూ చేస్తానని పట్టు పట్టింది, ఆవిడది పిస్టల్, ఈవిడ రేంజ్‌కి వెళ్లి రెండూ పట్టుకు చూసి కాదు నాకు రైఫిలే కావాలంది, సరే అని 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో చేర్పించాం, అయిదు నెలలైంది.

సమస్య ఏంటంటే మొదటి పది పదిహేను షాట్లు బానే పడతాయి, 9లు 10లు. ఆ తర్వాత ఎడమ చెయ్యి వణకడం మొదలవుతుంది, ఇంక షాట్లన్నీ ఒకదాని కింద ఒకటి నిలువుగా జారిపోతాయి, వర్షానికి కారిన సున్నంలాగా. మ్యాచ్‌లో 60 షాట్లు కదా, ఇది ఎక్కడ 60 కొడుతుంది అని నా బెంగ.

నేను కాలేజీలో ఎన్‌సీసీ చేశాను, క్యాంపులో డీలక్స్ పాయింట్ 22 రైఫిల్‌తో ఫైరింగ్‌లో మంచి గ్రూపింగే వచ్చేది నాకు (అయిదు రౌండ్లూ ఒక టీ సాసర్‌లో పట్టేవి, మా ఉస్తాద్ శభాష్ అన్నాడు, అది వేరే కథ). ఆ ధైర్యంతో ఇంట్లో పాపకి నేనే చెప్పా, ముందు చెయ్యి గట్టిగా పట్టుకో, బట్ (రైఫిల్ వెనక చివర) భుజంలోకి బాగా లాక్కో, ఎడమ మోచెయ్యి సరిగ్గా రైఫిల్ కింద గాల్లో ఉంచు, ఊపిరి బిగబట్టు అని. కోచ్ దానికి సరిగ్గా రివర్స్ చెప్తున్నాడట. పట్టుకోకు, ఊరికే పెట్టు అంటాడట. పైగా నడుము వెనక్కి వాల్చి మోచెయ్యి తుంటి మీద ఆనించమంటాడట. అలా నిలబడితే చూడ్డానికి నాకే భయంగా ఉంది, ఎదిగే పిల్ల, వెన్నెముక. ఆయన దగ్గర బ్యాచ్‌లో చాలామంది పిల్లలు, నేను అడిగితే "నేను చూసుకుంటా సార్" అని వెళ్లిపోతాడు.

అసలు మోచెయ్యి నడుము మీద ఆనిస్తే రూల్స్ ఒప్పుకుంటాయా? చేతులకి బలం రావడానికి డంబెల్స్ మొదలెట్టించనా? మా ఆవిడ రాగి జావ మీద పడింది, పొద్దునా సాయంత్రం అదే.

---

తొమ్మిది_పాయింట్_తొమ్మిది:

అన్నా ముందుగాల ఒక మాట, కోపం తెచ్చుకోకు. మీ కోచ్ చెప్పిందే కరెక్ట్. నువ్వు చెప్పింది గూడ తప్పు గాదు గానీ అది వేరే ఆటది. నువ్వు ఎన్‌సీసీల పండుకొని కొట్టినవ్. మోచేతులు రెండూ భూమ్మీద ఉండె, రైఫిల్ బరువంత భూమే మోసింది. పాయింట్ 22 పేలితే భుజానికి జెర తన్నుడు ఉంటది గాబట్టి ఉస్తాద్ బట్ గుంజి పట్టుకోమన్నడు. పాప కొట్టేది నిలబడి. గాలి సిలిండర్ మీద నడిచే మ్యాచ్ రైఫిల్‌కి తన్నుడే ఉండదు, మరి దాన్ని గుంజి పట్టుకునుడు దేనికి?

నేను గచ్చిబౌలిల సెంట్రల్ యూనివర్సిటీ పక్కన రేంజ్ ఉంటది గదా, ఆడ ఆరేండ్లు కొట్టిన, స్టేట్ దాంక పోయిన, పైకి పోలేకపోయిన, అది పక్కనవెట్టు. నాకు మొదటి దినమే చెప్పిన ముచ్చట ఏందంటే కండ అలసిపోతది, బొక్క (ఎముక) అలసిపోదు. నిలబడి కొట్టే పొజిషన్ మొత్తం గీ ఒక్క మాట మీదనే ఉంటది.

చూడు, టార్గెట్ దిక్కు ఎడమ భుజం పెట్టి పక్కకి నిలబడాలె (కుడిచేతి వాటం అయితే). పాదాల నడుమ భుజాలంత ఎడం. ఎడమ తుంటి టార్గెట్ దిక్కు జెరంత నెట్టాలె. అప్పుడు నడుం పక్కన బొక్క అంచు ఒకటి చేతికి తగులుతది, పాపని తడిమి చూసుకోమను, మోచెయ్యి దానిమీద కూసోవాలె. చేతులు పొట్టిగున్న పిల్లలకి అందకపోతే పక్కటెముకల మీద ఆనిస్తరు, నడుస్తది. ముంజేయి నిలువుగ, దానిమీద పిడికిలి, పిడికిలి మీద రైఫిల్. పిడికిలి రైఫిల్‌ని పట్టుకోదు, మోస్తది అంతే. గట్ల పెడితే బరువు ముంజేతి నుంచి తుంటికి, తుంటి నుంచి ఎడమ కాలికి, ఆడికెళ్లి భూమికి దిగుతది. భుజం కండకి పనే ఉండదు. నువ్వు చెప్పినట్టు మోచెయ్యి గాల్లె ఉంటే నాలుగు కిలోల రైఫిల్‌ని భుజం కండ ఒక్కటే మోస్తది, పన్నెండో షాట్‌కి వణకకపోతే ఆశ్చర్యం. రూల్ ప్రకారం రైఫిల్ బరువు 5.5 కిలోల దాంక ఉండొచ్చు, పెద్దోళ్లు బరువుదే కోరుకుంటరు, ఎందుకంటే బొక్కల మీద పెట్టినంక బరువుంటేనే తక్కువ కదులుతది.

రూల్ అడిగినవ్ గదా, నిలబడి కొట్టేటప్పుడు ఎడమ మోచెయ్యి ఛాతీ మీదనో తుంటి మీదనో ఆనిచ్చుకోవచ్చు, నిక్షేపంగ. నిలబడినప్పుడు స్లింగ్ బెల్ట్ (రైఫిల్‌ని చేతికి బిగించే పట్టీ) మాత్రం వాడొద్దు.

వెనక్కి వాలుడు అంటే నీళ్ల బిందె చంకల పెట్టుకున్న ఆడోళ్లని చూడు, బిందె ఒక దిక్కు ఉంటే మనిషి రెండో దిక్కు వంగుతది. వంగకపోతే పడిపోతది. రైఫిల్ గూడ అంతే, నాలుగు కిలోలు ఎడమ దిక్కు బయటికి పొడుచుకొని ఉంటే మనిషి కుడి దిక్కు, జెర వెనక్కి వాలాలె. అయితే వాలుడు ఎంత అనేది ముఖ్యం. బరువు రెండు పాదాలల్ల పడాలె. మడిమల మీదికే పోతే ఎక్కువ వాలినట్టు, వేళ్లు షూల బిగుసుకుంటే తక్కువ వాలినట్టు. నొప్పి అంటే మాత్రం ఆ దినం ఆపెయ్. రోజూ ఒక్క దిక్కే మెలితిరిగి నిలబడే ఆట ఇది, అందుకే డంబెల్స్ కాదు, పొట్ట నడుం కండలకి ప్లాంక్ అసువంటివి, షూటింగ్ అయినంక రెండో దిక్కు స్ట్రెచింగ్ చేపియ్. రాగి జావ మంచిదే, తాగనీ.

నిలువుగ జారుడు గురించి. రెండు కారణాలు ఉంటయ్ ఎక్కువ. చెయ్యి అలసి గొట్టం కిందికి పోవుడు ఒకటి, ఊపిరి ఆడుతుండంగనే ట్రిగ్గర్ నొక్కుడు రెండోది. ఊపిరి ఆడితే రైఫిల్ పైకి కిందికే పోతది, పక్కకి పోదు. ఊపిరి బిగబట్టమని చెప్పకు పాపకి. మామూలుగ వదిలినంక ఒక ఖాళీ వస్తది చూడు, మళ్ల పీల్చుకోబుద్ధి కాకముందు, ఆ ఖాళీల కొట్టాలె. ఆరు ఎనిమిది సెకన్లు, అంతకు మించితే కొట్టొద్దు, దించాలె. దించుడు నేర్చుకున్నోడే షూటర్ అన్నా, నేను ఆరేండ్లల్ల సరిగ్గ నేర్చుకోంది అదే.

ఇంకోటి, ఇది మస్తు ముఖ్యం. పొజిషన్ల నిలబడి, కండ్లు మూసుకొని, రెండు మూడు ఊపిర్లు తీసుకొని, కండ్లు తెరిచి చూడాలె రైఫిల్ ఎటు చూస్తున్నదో. పక్క టార్గెట్‌నో గోడనో చూస్తున్నదనుకో, చేతులతోని గుంజి మన టార్గెట్ మీదికి తేవొద్దు. పాదాలు జరపాలె. వెనక పాదం ఒక్క ఇంచు జరిపితే చాలు చాన దూరం తిరుగుతది. చేతులతోని గుంజితే ట్రిగ్గర్ నొక్కే టైమ్‌ల ఒళ్లు మళ్ల దాని జాగకి అది పోతది, షాట్ గూడ దానెంటే పోతది.

ఎంత సన్నటి ఆటనో లెక్క చెప్తా విను. టార్గెట్ కార్డుల 10 అనేది అర మిల్లీమీటర్ చుక్క. ఒక్కో రింగుకి తేడా రెండున్నర మిల్లీమీటర్లు. గురి చూసే ముందు సైటుకి వెనక సైటుకి నడుమ ఎనభై సెంటీమీటర్లు ఉన్నదనుకో, ముందు సైటు 0.2 మిల్లీమీటర్ కదిలితే టార్గెట్ దగ్గర పూర ఒక పాయింట్ పోతది. గాయింత దానికి బలం ఏం పనికొస్తది చెప్పు.

---

రేంజ్_బయట_అమ్మ:

అన్నయ్యగారూ, పైన తమ్ముడు అంతా చెప్పేశాడు, నేను ఇంటి వైపు నుంచి నాలుగు ముక్కలు. మా అబ్బాయి మూడేళ్లుగా కొడుతున్నాడు, నేను రేంజ్ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేర్చుకున్నదే నాకు తెలిసింది.

ముందు తల సంగతి చూడండి. మావాడు రైఫిల్ దగ్గరకి తల తీసుకెళ్లేవాడు, మెడ చాచి, బావిలోకి తొంగి చూసినట్టు. కాసేపటికి కన్ను పైకి తిప్పి చూడాల్సి వచ్చి నొప్పి, నీళ్లు. తల నిటారుగా ఉంచి రైఫిల్‌నే బుగ్గ దాకా తెచ్చుకోవాలి, దానికోసం బుగ్గ ఆనే చెక్క ఎత్తు, వెనక బట్ ప్లేట్ ఎత్తు మార్చుకునే స్క్రూలు ఉంటాయి. పిల్లలు ఎదుగుతారు కదండీ, ఆరు నెలలకోసారి అవి మార్చాలి, అకాడమీ రైఫిల్ అయితే పొద్దున బ్యాచ్‌లో ఎవరో వాళ్ల కొలతకి పెట్టుకుని పోతారు, మనవాళ్లు అలాగే కొట్టేసి వస్తారు. స్క్రూ దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకోమనండి, మావాడిది ఆకుపచ్చ గీత.

రెండోది, ఫోన్‌తో ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి వీడియో తీయండి. నేనైతే మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు దారం ఉంటుంది కదా, అది గుమ్మానికి వేలాడదీసి దాని వెనక వాణ్ని నిలబెట్టి ఫోటో తీశాను. ఎడమ పిడికిలి, మోచెయ్యి, తుంటి, ఎడమ పాదం దాదాపు దారం మీదకి రావాలట. మావాడి మోచెయ్యి నాలుగు వేళ్ల వెడల్పు ముందుకుంది. చూపించగానే "ఓహో" అన్నాడు, నెల రోజులుగా కోచ్ చెప్తుంటే ఎక్కలేదు ఆ తలకాయకి.

జాకెట్ గురించి మీరు అడగలేదు కానీ అడుగుతారు, అందరూ అడుగుతారు. ఆ మందపాటి కాన్వాస్ జాకెట్, ప్యాంటు నడుముకి పట్టీలాగా ఆసరా ఇస్తాయి, మీ వెన్నెముక భయం సగం దాంతో తగ్గుతుంది. కానీ తొందరపడి కొనకండి. నేను చవగ్గా వస్తోందని ఒకరి దగ్గర సెకండ్‌హ్యాండ్ కొన్నాను, మ్యాచ్ పొద్దున పరికరాల చెకింగ్‌లో గుడ్డ మందం మిషన్‌లో పెట్టి చూసి ఎక్కువుంది కుదరదన్నారు (ఒక పొరకి 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు). వాడు మామూలు స్వెటర్‌తో కొట్టి ఏడుస్తూ వచ్చాడు. ఆ అమ్మినాయన ఫోన్ ఎత్తితే ఒట్టు.

జాకెట్ వచ్చేదాకా జారే సిల్కు టీషర్టులు వద్దు, మోచెయ్యి తుంటి మీద నిలవదు. ముతక కాటన్ చొక్కా.

ఇంక ఇంట్లో ప్రాక్టీస్ అంటే పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) లేకుండా తెల్ల గోడ మీదకి పొజిషన్ పట్టి ట్రిగ్గర్ నొక్కడం, డ్రై ఫైరింగ్ అంటారు. టార్గెట్ ఉండదు కాబట్టి కంగారు ఉండదు, నొక్కినప్పుడు ముందు సైటు గోడ మీద ఎటు ఎగిరిందో కనిపించిపోతుంది. రోజూ ఇరవై నిమిషాలు చాలు. పెల్లెట్ లేదని మీరు ఒకసారి చూడండి, పాప ఒకసారి చూడాలి, గోడ అవతల మనుషులు తిరిగే వైపు వద్దు. ఈ చూసుకోవడం మాత్రం ఎన్‌సీసీ వాళ్లకి చెప్పక్కర్లేదనుకుంటా.

---

మామిడితోట_నూజివీడు:

బ్రోస్ మధ్యలో దూరినందుకు సారీ, నాది కూడా పట్టు సమస్యే. నా దగ్గర మామూలు స్ప్రింగ్ ఎయిర్‌గన్ ఉంది, గొట్టం మడిచి లోడ్ చేసేది, తోటలో మట్టి గట్టు ముందు డబ్బాలు పెట్టి కొడతా, పిట్టల్ని కొట్టను మళ్లీ ఎవరూ మొదలెట్టొద్దు. కదలకుండా ఉంటుందని ఊక బస్తా మీద గొట్టం ఆనించి రెండు చేతులతో బిగించి పట్టుకుని కొడుతున్నా, అయినా 20 మీటర్లలో ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ. చేత్తో ఊరికే పట్టుకుని కొట్టినప్పుడే నయంగా ఉంది. గన్ పాడైందంటారా?

---

తొమ్మిది_పాయింట్_తొమ్మిది:

గన్ మంచిగనే ఉన్నది తమ్మీ, నువ్వే పీక పిసుకుతున్నవ్. స్ప్రింగ్ గన్‌ల ట్రిగ్గర్ నొక్కంగనే లోపల పిస్టన్ ముందుకు ఉరుకుతది, గన్ మొత్తం వెనక్కి ముందుకి ఊగుతది, ఇదంత పెల్లెట్ గొట్టం దాటకముందే. ఆ ఊగుడు ప్రతిసారి ఒక్కతీరుగ ఉంటే పెల్లెట్ ఒక్క జాగల పడుతది. నువ్వు బిగిస్తే ఒకసారి ఎక్కువ బిగిస్తవ్, ఇంకోసారి తక్కువ, దాంతోని ఊగుడు మారుతది.

గొట్టం బస్తా మీద పెట్టుడు బంద్ చెయ్ ముందు. ఏ రైఫిల్ అయినా ఆనిచ్చేది కట్టె భాగమే, గొట్టం గాదు. గొట్టం గట్టిదాని మీద ఆనితే షాట్ పక్కకి పోతది. నీ గన్‌కి అయితే కట్టె గూడ బస్తా మీద పెట్టకు. బస్తా మీద నీ ఎడమ అరచెయ్యి వెల్లకిల పెట్టు, దానిమీద గన్ ఊకె పండవెట్టు, వేళ్లు ముడవకు. భుజానికి ఆనీ ఆననట్టు. ఫిరంగి పేలినప్పుడు బండి మీద ఎట్ల వెనక్కి జరుగుతదో గట్ల గన్‌ని జరగనియ్యాలె. అరచెయ్యి పెట్టే జాగ కట్టె మీద ఒక గుర్తు పెట్టుకో, రోజు ఆడనే పెట్టు, ఇంచు అటు ఇటు అయినా మారుతది దానికి.

మట్టి గట్టు మంచిది, డబ్బాలకి రాళ్ల గోడ వెనక పెట్టకు, పెల్లెట్ తిరిగొస్తది. కంటికి అద్దాలు పెట్టుకో.

---

అలబామా_అన్న:

నేను ఇక్కడ అమెరికాలో, మా అమ్మాయి హైస్కూల్ టీంలో మూడు పొజిషన్ల ఎయిర్ రైఫిల్ కొడుతుందండి, పడుకుని, నిలబడి, మోకాలి మీద, మూడూ 10 మీటర్లే. అందుకని బెజవాడ నాన్నగారు చెప్పిన పట్టు ఎక్కడిదో నాకు భలే అర్థమైంది. పడుకున్నప్పుడు, మోకాలి మీద ఉన్నప్పుడు స్లింగ్ బెల్ట్ వాడొచ్చు, అది పై చేతికి బిగించుకుంటే చెయ్యి ఒక తాడు కట్టిన దూలం లాగా అయిపోతుంది, అక్కడ ఆ బిగువు బాగుంటుంది. అలా బిగించడం అలవాటైన పిల్లలు లేచి నిలబడినా బిగిస్తూనే ఉంటారు. మా అమ్మాయికీ అదే రోగం, పడుకుంటే టీంలో ఫస్టు, నిలబడితే లాస్టు నుంచి రెండు.

దానికి వాళ్ల కోచ్ ఏం చేయించిందంటే కుడి చేతి మూడు వేళ్లు గ్రిప్ మీద పెట్టి, మధ్యలో ఒక బిస్కెట్ ఉందనుకో, విరక్కూడదు అని. చూపుడువేలు మాత్రం తిన్నగా వెనక్కి. బొటనవేలితో నొక్కితే ముందు సైటు పక్కకి జరుగుతుంది, షాట్లు నిలువుగా కాక అడ్డంగా పరుచుకుంటే ముందు ఆ బొటనవేలిని అనుమానించండి.

ఇంకోటి, రెండో కన్ను మూయించకండి. ఒక కన్ను గట్టిగా మూస్తే మొహం సగం బిగుసుకుంటుంది, తెరిచిన కన్ను కూడా అలసిపోతుంది. వెనక సైటుకి చిన్న అట్టముక్క పెట్టి ఎడమ కంటికి అడ్డం చేస్తారు, 30 మిల్లీమీటర్ల ఎత్తు దాకా రూల్ ఒప్పుకుంటుంది. మా ఇంట్లో మొదటిది కార్న్‌ఫ్లేక్స్ డబ్బాది.

షాట్ వెళ్లగానే తల ఎత్తి స్క్రీన్ చూడటం కూడా మాన్పించాలి, ఇది అందరికీ చెప్పేదే. పెల్లెట్ వెళ్లాక కూడా ఒకటి రెండు సెకన్లు అలాగే సైటు చూస్తూ ఉండాలి, లేకపోతే తల ఎత్తడం రోజురోజుకీ ముందుకి జరిగి చివరికి ట్రిగ్గర్‌తో పాటే లేస్తుంది.

---

బెజవాడ_నాన్న:

మూడు వారాల తర్వాత రాస్తున్నా, ఏమనుకోకండి, క్వార్టర్ ఎండింగ్ ఆఫీసులో.

గుండు దారం పెట్టా అమ్మా. కొండాపూర్‌లో గుండు ఎక్కడ దొరుకుతుంది, పక్క వీధిలో కడుతున్న అపార్ట్‌మెంట్ మేస్త్రీని అడిగితే "ఎందుకు సార్" అన్నాడు, పాప తుపాకీ కోసమంటే నన్ను అదోలా చూశాడు, గుండు ఇచ్చాడు కానీ. ఫోటో తీస్తే మా పాప మోచెయ్యి దారానికి జానెడు బయట ఉంది. జానెడు! అది నేను నేర్పిందే, గాల్లో ఉంచమన్నాను కదా. పిల్ల అయిదు నెలలు రేంజ్‌లో కోచ్ మాట, ఇంటికొచ్చి నా మాట, రెండూ చెయ్యబోయి సగం సగం నిలబడుతోంది. తొమ్మిది పాయింట్ తొమ్మిది అన్నా, కోపం రాలేదు, కొంచెం సిగ్గేసింది.

తుంటి మీద ఆనించడానికి చెయ్యి అందలేదు, పక్కటెముకల మీదే పెడుతోంది. కళ్లు మూసి తెరిచే పరీక్ష చేస్తే మొదటిసారి రైఫిల్ మా ఫ్రిజ్‌ని చూస్తోంది, పాదం జరిపి జరిపి గోడ మీద చుక్క దగ్గరకి తెచ్చుకుంది, తనే నవ్వుకుంది. రేంజ్‌లో మొన్న ఆదివారం 40 షాట్లు కొట్టింది, వణుకు ముప్పై దాటాక వచ్చిందంట. షాట్లు ఇంకా కొంచెం కిందకే, కానీ ఆ సున్నం కారినట్టు గీత లేదు, ముద్దగా పడుతున్నాయి. దించడం మాత్రం రావట్లేదు, పది సెకన్లు అయినా పట్టుదలగా కొట్టేస్తోంది, అది మా ఇంటి రక్తం, ఏం చెయ్యలేం.

కోచ్‌గారికి ఫోటో వాట్సాప్ చేశా. "గుడ్ సార్, కానీ మీరు నేర్పొద్దు" అని రిప్లై పెట్టాడు.

జాకెట్ గురించి ఒక డౌట్. ఎదిగే పిల్లకి ఇప్పుడు కొలతకి కుట్టిస్తే ఏడాదికే బిగుతైపోతుంది కదా, ఏ వయసులో కొన్నారు మీరంతా?

---

రేంజ్_బయట_అమ్మ:

మావాడికి 14లో కొన్నాం అన్నయ్యగారూ. బొత్తాలు జరిపి కుట్టించుకుంటే రెండేళ్లు వస్తుంది, కాకపోతే మామూలు టైలర్ల దగ్గర ఆ గుడ్డకి సూదులు విరుగుతాయి, చెప్పులు కుట్టేవాళ్లు చేస్తారు. కొనేముందు నాకు మెసేజ్ పెట్టండి, మావాడిది చిన్నదైపోయి బీరువాలో ఉంది, ఇది మాత్రం చెకింగ్‌లో పాసైందే.